ఎర్ర పంకా ఆగినప్పుడు

నమోదు 118. గాలి బొత్తిగా లేదు.

ఈ రోజు మధ్యాహ్నం రెండుసార్లు పంకా ఆపాను. మొదటిసారి భోజనానికి కూర్చోబోతుంటే, రెండోసారి కూర్చున్నాక. మజ్జిగన్నం చేత్తోనే కరెంటు మీటర్లుండే బోర్డు గదిలోకి పరిగెత్తాను. వెనక నుంచి మా ఆవిడ సన్యాసమ్మ, "సరిగ్గా మనం తిండి తినే టయానికే ఆ నాడికి జబ్బు సేస్తాదేటి మావా?" అంది.

నాడి అంటే మనిషిది కాదు, కరెంటుది. మా కొలిమిగట్టులో కరెంటు సెకనుకు యాభైసార్లు కొట్టుకోవాలి. గాలిమరలు మందగించినా, సముద్రపు పోటుకి తిరిగే పోటుమర కింద నీళ్ళు తగ్గినా, ఊళ్ళో వాడకం పెరిగినా ఆ యాభై దిగిపోతుంది. నలభై తొమ్మిదిన్నర దగ్గర నాకు బజర్ మోగుతుంది. నలభై తొమ్మిది దగ్గర రిలే అనే పెట్టె నన్ను అడక్కుండానే ఇనుము కరిగించే కొలిమికి కరెంటు తెంపేస్తుంది. అదీ చాలకపోతే మరలన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి ఊరంతా చచ్చుబడుతుంది. బజరుకీ రిలేకీ మధ్య ఉన్న కాస్త వ్యవధిలో నేను చేయగలిగింది ఒక్కటే. నా ఇంటి కరెంటు నేనే తీసేసుకోవడం.

నవ్వకండి. మా ఊరి కోత అలాగే మొదలవుతుంది. సముద్రపు నీళ్ళు తోడే పంపులు కూడా ఇళ్ళ తీగల మీదే ఉన్నాయి. కాబట్టి వీధుల కరెంటు నేను కోయలేను, కోస్తే పల్లపు వీధులు మునుగుతాయి. ఇళ్ళల్లో వాళ్ళు ఎవరి చేత్తో వాళ్ళే ఏసీలూ పొయ్యిలూ ఆపుకోవాలి. ఇదివరకు దానికి సైరన్ పెట్టి చూశారట. సైరన్ వినబడగానే కరెంటు పోబోతోందని జనం ఇంట్లో ఉన్న బ్యాటరీలన్నీ ఛార్జింగుకు పెట్టేవారట, మోటార్లు వేసి బిందెలన్నీ నింపుకునేవారట. వాడకం తగ్గకపోగా పెరిగి కొలిమి ఠపీమని పడిపోయేది. అప్పుడెవరో పెద్దమనిషి ఈ పద్ధతి పెట్టాడు. లోడ్ ఆఫీసరు ఇల్లు గట్టు మీద, అందరికీ కనబడేచోట ఉండాలి. ఆ ఇంటి కరెంటుతోనే మిద్దె మీద పెద్ద ఎర్ర పంకా ఒకటి తిరుగుతూ ఉండాలి. పంకా ఆగిందంటే ఆఫీసరు తన ఇల్లు తానే కోసుకున్నాడని అర్థం. కోసేవాడే ముందు ఉక్కపోతలో కూర్చున్నాడంటే నిజంగానే కరెంటు లేదని జనం నమ్ముతారు. వంట చేస్తున్నవాళ్ళు పొయ్యి ఆపుతారు, పడుకున్నవాళ్ళు లేచి ఏసీ ఆపుతారు. నిమిషం తిరక్కుండా మూడు మెగావాట్లు దిగుతుంది. నాడి లేస్తుంది, కొలిమి బతుకుతుంది.

లోడ్ ఆఫీసరు అనే మాట కాగితాల మీదే. ఊళ్ళో అందరూ నన్ను కోతబాబు అంటారు. అసలు పేరు గవర్రాజు.

నమోదు 121. ఎండ.

ఇంట్లో ఒక్క బోర్డు గదికి మాత్రం కరెంటు పోదు. పోతే ఊరి నాడి చూసేవాడే ఉండడు కాబట్టి దానికి కొలిమి దగ్గర రిలేకి ముందు నుంచే వేరే తీగ వస్తుంది. ఈ రోజు ఆ తీగకు ఒక ప్లగ్గు బిగించాను. స్టోర్లో మూలపడి ఉన్న ఏసీ తెచ్చి బోర్డు గదిలో పెట్టాను. బోర్డు వేడెక్కిపోతోంది. వేడికి మీటర్లు తప్పు చూపిస్తే ఎవరికి నష్టం?

పై మాటలు రాసి చాలాసేపు వాటివంకే చూస్తూ కూర్చున్నాను. బోర్డు నేను పుట్టకముందు నుంచీ ఆ వేడిలోనే ఉంది, దానికేమీ కాలేదు. వేడెక్కిపోతున్నది నేను. వీపంతా చెమటకాయలు. ఏడాదిలో ఎనిమిది నెలలు ఎండాకాలం అయితే మనిషి ఎన్నాళ్ళని ఓర్చుకుంటాడు? అయినా ఆ మాటలు కొట్టేయలేదు. ఎవరైనా అడిగితే చెప్పడానికి పనికొస్తాయి.

మంచం కూడా ఆ గదిలోకి జరిపాను. సన్యాసమ్మ గడప దగ్గర నిలబడి చూసింది. "నాను ఈ గదిలో పడుకోను మావా. పంకా ఆగిపోనాక ఈ సల్లదనం నా ఒంటికి పడదు," అని చాప తీసుకుని వసారాలోకి వెళ్ళిపోయింది. వెళ్తే వెళ్ళనీ అనుకున్నాను. ఆ మధ్యాహ్నం పంకా ఆగి ఉన్నంతసేపూ హాయిగా నిద్రపోయాను. బజర్ ఎలాగూ లేపుతుంది.

నమోదు 127.

పొద్దున్నే గాలిమరల స్తంభాలెక్కి తీగలు పట్టే పింగాణీల మీద పేరుకున్న ఉప్పు గీకించాను. గీకకపోతే తడి ఉప్పు మీంచి కరెంటు కారిపోతుంది. దిగేసరికి ప్రాణం కడబట్టింది.

మధ్యాహ్నం దాలినాయుడు వచ్చాడు. కొలిమికి మేస్త్రి, నాకు చిన్ననాటి స్నేహితుడు. మునిగిపోయిన ఊళ్ళ నుంచి పడవల మీద వచ్చే పాత కార్లూ ఇనుమూ కరిగించి సముద్రపు గోడకు పలకలు పోయించడం అతని పని. తూర్పు వైపు గోడకు ఇంకా గండి ఉంది. పెద్ద పోటు వచ్చేలోగా అక్కడికి పలకలు కావాలి. సరిగ్గా అతను కూర్చున్నప్పుడే బజర్ మోగింది. పంకా ఆపి వచ్చి ముందు గదిలో అతని ఎదురుగా కూర్చున్నాను. బోర్డు గది తలుపు దగ్గరగా వేసి వచ్చాను.

తుండుతో విసురుకుంటూ దాలినాయుడు, "గంట సేపు కరెంటు లేకపోతే సాలు బావా, కొలిమి కడుపులో లోహం గడ్డ కట్టేస్తాది. ఇంక దాన్ని పగలగొట్టడమే. మల్లీ కడదామంటే ఆ ఇటిక ఇప్పుడు సేసేవోడు ఎక్కడున్నాడు? నీ పంకా వల్ల గాని లేపోతే ఎప్పుడో పోదుము," అన్నాడు. ఇంతలో కాళ్ళ వైపు చూసుకున్నాడు. "ఇదేటి బావా, కిందనుంచి సల్లగా తగుల్తంది?"

"గోడ సందుల్లోంచి సముద్రపు గాలి," అన్నాను.

"మీ గట్టోళ్ళకి అదృష్టం," అని కాళ్ళు ఇంకాస్త అటు చాపుకున్నాడు. అతను వెళ్ళేదాకా నేను అతని మొహం చూడలేదు.

తలుపు కింద గుడ్డ కుక్కాను.

నమోదు 134.

పంకా ఆపితే రెండున్నర మాత్రమే దిగింది. ఎవరింట్లోనో పెళ్ళేమో అనుకున్నాను.

నమోదు 139.

పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు. ఈ రోజు రెండే దిగింది. నాడి నలభై తొమ్మిది తాకబోయి వెనక్కి మళ్ళింది. జనానికి ఏమొచ్చింది? పంకా ఆగడం కనిపించట్లేదా? కనిపించినా ఆపట్లేదా? మా నాన్న కాలంలో పంకా ఆగితే బాలింత ఉన్న ఇంట్లో కూడా ఏసీ ఆపి విసనకర్రతో విసిరేవారు. ఇప్పటివాళ్ళకి ఎవరి సుఖం వాళ్ళదే. ఇంత స్వార్థం పనికిరాదు. ఊరి మండలిలో గట్టిగా చెప్పాలి.

నమోదు 143. మండలి.

గట్టిగానే చెప్పాను. కొలిమి ముందున్న షెడ్డులో అన్ని వీధుల వాళ్ళూ వచ్చారు. నేను మాట్లాడటం మొదలుపెడితే నాకే ఆగదు. "పంకా ఆగిన తరవాత కూడా మీ ఇళ్ళల్లో ఏసీలు తిరుగుతున్నాయి. అంకెలు నా దగ్గరున్నాయి. పక్కవాడు చెమటలో ఉంటే మనకి నిద్రెలా పడుతుంది? తిన్నది ఎలా అరుగుతుంది?" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. సిగ్గుండాలి అని కూడా అన్నాను.

అందరూ నేలవైపు చూశారు. ఎవరో దగ్గారు. మా వెనకింటి తవిటమ్మత్త, పంపుల దగ్గర పనిచేసి మానేసిన పెద్దావిడ, లేచి చీర సర్దుకుని, "బాబు అలిసిపోనారు, కాసింత మజ్జిగియ్యండి," అంది.

మజ్జిగ తాగి ఇంటికొచ్చాను. నా మాట బాగానే తగిలినట్టుంది. అందరూ తల దించుకున్నారు.

నమోదు 146.

ఒకటిన్నర. అంతే దిగింది.

నాడి నలభై తొమ్మిది తాకగానే రిలే టక్కుమంది. బోర్డు మీద కొలిమి దీపం ఆరిపోయింది. నేను అక్కడ కూర్చుని ఆ దీపాన్ని చూడటం తప్ప ఏమీ చేయలేకపోయాను. పోటుమర కింద నీళ్ళు తిరిగేదాకా కొలిమికి కరెంటు ఇవ్వలేకపోయాను.

సాయంత్రం దాలినాయుడు వచ్చాడు. కనుబొమలు కాలిపోయాయి. ఎడమ చెయ్యి మోచేయి దాకా గుడ్డ చుట్టి ఉంది. కరెంటు లేనంతసేపూ అతనూ అతని మనుషులూ గునపాలతో లోహం కలుపుతూ, గడ్డకడుతున్న అంచుల్ని పగలగొడుతూ కొలిమి నోరు మూసుకుపోకుండా కాశారట. అయినా సగం నోరు మూసుకుపోయింది. 

"ఇంకొక్కసారి ఇలాగయితే సచ్చిపోద్ది బావా," అన్నాడు. కొలిమి గురించే అన్నాడు, కానీ ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టుంది. "అది పోతే గోడ లేదు. గోడ లేపోతే వచ్చే పోటుకి ఊరు లేదు. జనం ఎందుకు ఆపట్లేదు?"

"స్వార్థం," అన్నాను.

అతను కాలిన చెయ్యి ఒళ్ళోకి సర్దుకున్నాడు.

నమోదు 147.

ఈ రోజు పొద్దుటి నుంచి బోర్డు ముందు నుంచి లేవలేదు. వీధివీధికీ మీటరు ఉంది. పంకా ఆగాక ఏ వీధిలో ఆపని వాడకం ఎంత మిగులుతోందో, ఎప్పటి నుంచి మిగులుతోందో తీసి చూశాను. ఎక్కడి నుంచి మొదలయిందో తెలిస్తే ఆ స్వార్థపరులెవరో తేలిపోతుంది కదా అని.

మొదలయింది మా వీధిలోనే. తరవాత మా వెనక వీధి. తరవాత దాని కింద వీధి. అలా గట్టు దిగి పల్లం దాకా పాకింది. మిగులుతున్న కరెంటు చూస్తే వంట పొయ్యిలది కాదు, మోటార్లది కాదు. వీధిలో ఉన్న ఇళ్ళ లెక్కన పంచి చూశాను. ఇంటికి ఒక్క గది ఏసీకి సరిగ్గా సరిపోయింది. ఏ వీధి పంచినా అదే. అన్నీ ఆపేస్తున్నారు, ఒక్క గది వదిలేస్తున్నారు.

ఒక్క గది.

తల కొట్టేసినట్టయింది. ఏసీ నా వెనకే చల్లగా వీస్తోంది. వీపు మీద చెమటకాయలు ఎప్పుడో తగ్గిపోయాయి.

వెనక సందులోకి వెళ్ళాను. మా గోడకున్న గొట్టంలోంచి ఏసీ నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్నాయి. కింద ఎవరిదో బిందె పెట్టి ఉంది. నేను పెట్టలేదు. తవిటమ్మత్త తన గుమ్మంలో కూర్చుని చేపలు కోసుకుంటోంది.

"అత్తా, ఈ బిందె నీదేనా?"

"నాదే బాబూ."

"నీళ్ళు మొక్కలకి పోస్తున్నావా?"

ఆవిడ కత్తిపీట పక్కకు పెట్టింది. "మొక్కలెక్కడున్నాయి, ఉప్పు నేలలో. పంకా ఆగిపోయున్నప్పుడు ఈ సందులో నీల్లు పడతంటే నలుగురికీ అగుపిస్తాదని ఎట్టినాను. సప్పుడు గూడా ఇనపడదని. సానా రోజులు కాసేను బాబూ. ఒక్క రోజు జొరమొచ్చి లెగనేకపోనాను. బిందె పొంగిపోయి సందంతా నీల్లయిపోనాది. పైన పంకా ఆగుంది, కింద గొట్టం కారతంది. జనానికి కళ్ళు లేవేటి?"

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా అత్తా."

"ఎలగ సెప్తాను? మీరు కోతబాబు. మీకు సిగ్గేస్తాదని ఊరుకున్నాను."

మండలిలో అందరూ తల దించుకున్నది నా మాటలకు కాదు. నన్ను చూడలేక. సిగ్గుండాలి అని నేను అరుస్తుంటే నా బదులు వాళ్ళు సిగ్గుపడ్డారు. ఆ మజ్జిగ ఎందుకిప్పించిందో ఇప్పుడు తెలిసింది. నా నోరు మూయించడానికి, ఇంకా ఎక్కువ అనకుండా నన్ను కాపాడటానికి.

నమోదు 148.

ఏసీ తీసేశాను. ప్లగ్గు ఊడబీకాను, తీగ కత్తిరించాను, ఏసీ మళ్ళీ స్టోర్లో పడేశాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పకుండానే సరిపోతుందని నా ఆశ. గొట్టం కారడం మానేస్తే చూసినవాళ్ళే చూస్తారు, మారినవాళ్ళే మళ్ళీ మారతారు. పరువు కూడా దక్కుతుంది. నాకు ఇప్పటికీ పరువు మీదే ధ్యాస ఉంది చూడండి.

రాసేటప్పుడు చెయ్యి చెమటకు కాగితం మీద అంటుకుంటోంది.

నమోదు 151.

ఒకటిన్నరే. ఏమీ మారలేదు. ఈ సారి గాలి లేచి కొలిమి బతికింది, నా వల్ల కాదు.

సన్యాసమ్మ నీళ్ళ కుళాయి దగ్గర విని వచ్చింది. "నువ్వు గొట్టం లోపలకి తిప్పేసుకున్నావని అనుకుంతన్నారు మావా. బిందె ఎట్టాల్సిన పని లేకుండా తెలివిగా సేసేవంట."

ఆవిడ నవ్వుతూ చెప్పలేదు. నేను ఏసీ తీసేసిన సంగతి ఆవిడకు తెలుసు. మరి నువ్వు చెప్పలేకపోయావా అని అడిగాను. "నాను సెప్తే ఎవులు నమ్ముతారు? నీ పెళ్ళాన్ని," అంది. ఇన్నేళ్ళ కాపురంలో నా పెళ్ళాం అయినందుకు ఆవిడ తల వంచుకోవడం ఇదే మొదటిసారి.

నమోదు 154. మళ్ళీ మండలి.

ఈ సారి నేనే పిలిపించాను. దాలినాయుడు ముందు వరసలో కట్టు కట్టిన చేత్తో కూర్చున్నాడు. అతనికి ఇంకా తెలియదు. కొలిమి వదిలి బయటికి వస్తేగా.

లేచి నిలబడ్డాను. పొద్దుటి నుంచీ తయారు చేసుకున్న మాటలు నాలుగున్నాయి. నేను తప్పు చేశాను, అని మొదలుపెట్టాలి. నోరు తెరిస్తే బయటికొచ్చింది ఇదీ: "బోర్డు వేడెక్కిపోతోందని, మీటర్లు తప్పు చూపిస్తాయేమోనని, దానికోసం..."

పల్లపు వీధి ఆవిడెవరో, పేరు తెలియదు, కూర్చున్నచోట నుంచే అడిగింది. "బోర్డుకి మంచం గూడా ఏసేరేటి బాబూ?"

అందరూ నవ్వారు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. నేలలోకి కుంగిపోతే బావుండుననిపించింది. నవ్వనివాడు దాలినాయుడు ఒక్కడే. అతను నావైపు చూసి, తన కాళ్ళవైపు చూసుకుని, మళ్ళీ నావైపు చూశాడు.

అప్పుడు చెప్పాను. బోర్డుకు కాదు, నాకే అన్నాను. ఉక్కపోత భరించలేక కొలిమి తీగ మీద ఏసీ పెట్టుకుని నిద్రపోయానని, పంకా ఆగి ఉండగానే నిద్రపోయానని, మిమ్మల్ని ఇక్కడ నిలబెట్టి స్వార్థపరులన్నానని, దాలినాయుడి చెయ్యి కాలింది నా వల్లేనని చెప్పాను. ఈ పని మానేస్తాను, ఇంకెవరినైనా పెట్టుకోండి అన్నాను.

మండలికి ఈ ఏడు పెద్ద ఎర్రమ్మ. వలలు అల్లుతుంది. మండలి జరుగుతున్నంతసేపూ చేతిలో అల్లిక ఆపదు. "మీరు మానేస్తే ఇంకోడు వస్తాడు. ఆడూ ఆ ఇంట్లోనే ఉంటాడు. ఆడికీ ఉక్కపోస్తాది. తలుపేసుకుంటే లోపలేటి అవుతందో మాకేటి తెలుస్తాది?" అంది. ఇంకో ముడి వేసి, "తలుపులు తీసెయ్యండి. కోతబాబు ఇంటికి తలుపులొద్దు. ఎవులైనా, ఎప్పుడైనా ఎల్లి సూసుకునేలాగుండాల," అంది.

అందరూ సరేనన్నారు. బయటికి వచ్చాక దాలినాయుడి దగ్గరికి వెళ్ళాను. "బావా," అన్నాను.

"సముద్రపు గాలన్నావు," అన్నాడు. కొలిమి వైపు వెళ్ళిపోయాడు.

నమోదు 156.

వడ్రంగి వచ్చి తలుపులు దింపుకుపోయాడు. వీధి తలుపు, పెరటి తలుపు, బోర్డు గది తలుపు, కిటికీ రెక్కలు కూడా. అవి పల్లపు వీధిలో ఎవరింటికో పనికొస్తాయట. స్నానాల గదికి సన్యాసమ్మ పాత చీర కట్టింది. దారినపోయేవాళ్ళు ఆగి లోపలికి తొంగి చూస్తారు. భోంచేస్తుంటే చూస్తారు, పడుకుంటే చూస్తారు. కొందరు నేరుగా బోర్డు గదిలోకి వచ్చి గోడ తడిమి వెళ్ళిపోతారు. నేను లేచి నిలబడతాను. వాళ్ళు నాతో మాట్లాడరు. పీతలు కూడా యథేచ్ఛగా వచ్చి పోతున్నాయి.

సన్యాసమ్మ చాప మళ్ళీ నా పక్కకు తెచ్చుకుంది. ఇద్దరం చెమటలో పడుకున్నాం.

నమోదు 160.

ఈ రోజు సంగతి ఉన్నదున్నట్టు రాస్తాను.

మిట్టమధ్యాహ్నం. గాలి చచ్చిపోయింది, పోటుమర కింద నీళ్ళు తగ్గి ఉన్నాయి. ఊరిని మోస్తున్నది గాలీ పోటూ లేనప్పుడు నడిపే ఆవిరి మిషను ఒక్కటే. దాని గొట్టం ఒకటి పగిలింది. నాడి నెమ్మదిగా దిగడం మొదలైంది. నిల్వ బ్యాటరీలు కాసేపు ఆపుతాయి, ఎంతోసేపు ఆపలేవు. బజర్ మోగింది. నేను నా ఇంటి కరెంటు తీసేశాను. మిద్దె మీద పంకా కిర్రుమని ఆగింది.

మీటరు చూశాను. ఒకటిన్నర దిగింది. అక్కడే ఆగింది. నాడి ఇంకా దిగుతోంది.

ఫోన్ మోగింది. దాలినాయుడు. మండలి తరవాత నాతో మాట్లాడటం ఇదే మొదటిసారి. "నిండా లోహం ఉంది. ఇప్పుడు తెగితే అయిపోనాదే," అన్నాడు. బావా అని పిలవలేదు.

"ఆపాను. జనం ఆపట్లేదు," అన్నాను. నలభై తొమ్మిదికి ఇంకా కొంచెమే ఉంది. ఏం చేయాలి? మిద్దె ఎక్కి అరవనా? అరిస్తే మాత్రం ఎవరు నమ్ముతారు?

అప్పుడు వీధిలో అడుగుల చప్పుడు వినబడింది. మొదట తవిటమ్మత్త వచ్చింది. గుమ్మం దాటి, సరాసరి బోర్డు గదిలోకి వచ్చి, నా మంచం కిందకు వంగి చూసింది. ఆవిడ వెనక ఎదురింటివాళ్ళు. వాళ్ళ వెనక పక్క వీధివాళ్ళు. పంకా ఆగింది, కోతబాబు ఏం చేస్తున్నాడో చూద్దాం పద అని ఒకరిని చూసి ఒకరు బయల్దేరారు. గట్టు కింద నుంచి పిల్లాజెల్లాతో ఎక్కి వస్తున్నారు. ముందు గది నిండింది, వసారా నిండింది, మెట్ల మీద కూర్చున్నారు. ఒకాయన గోడకు చెవి ఆనించాడు. ఇంకొకావిడ కత్తిరించిన తీగ కొస పట్టుకుని చూసింది.

బోర్డు వైపు తిరిగాను. మా వీధి మీటరు దిగుతోంది. వెనక వీధి దిగుతోంది. దాని కింద వీధి దిగుతోంది. ఇల్లు వదిలి బయటికి వచ్చేవాళ్ళెవరూ ఏసీ తిరుగుతుండగా రారు. అంత కరెంటు వృథా చేసే ఊరు కాదు మాది. మనుషులు గట్టెక్కుతున్న కొద్దీ కింద వీధులు ఒక్కొక్కటీ ఆగిపోతున్నాయి. రెండు. రెండున్నర. మూడు. మూడు దాటి ఇంకా దిగింది. నేను ఈ పనిలో చేరాక ఎన్నడూ అంత దిగలేదు. నాడి ఒక్క క్షణం తటపటాయించి, పైకి లేచింది.

ఫోన్లో దాలినాయుడు కేకేశాడు. "లెగిసింది! లెగిసింది బావా! జనం మల్లీ నీ పంకాని నమ్మేరు!"

గదినిండా మనుషులు. అందరికీ అతని గొంతు వినబడింది. అందరూ నావైపు చూస్తున్నారు. అవునని ఒక్క మాటంటే సరిపోయేది.

"నమ్మి గాదు బావా," అన్నాను. "నాను దొంగతనం సేస్తన్నానేమో సూడ్డానికొచ్చేరు."

అవతల అతను, "ఎలగైతేనేటి," అని పెట్టేశాడు.

ఎవరూ లేవలేదు. నాడి పూర్తిగా నిలబడేదాకా నేనూ ఎవరినీ వెళ్ళమనలేను, వెళితే ఏసీలు మళ్ళీ తిరుగుతాయి. అంతమంది ఊపిరితో ఇల్లు ఆవిరి పట్టినట్టుంది. పిల్లలు ఏడుస్తున్నారు, పెద్దవాళ్ళు కొంగులతో తువ్వాళ్ళతో విసురుకుంటున్నారు. తవిటమ్మత్త నా మంచం మీదే కూర్చుంది. "ఇంకాసేపు సూద్దాం," అంది ఎవరితోనో.

సన్యాసమ్మ వంటింట్లోంచి స్టీలు బిందెతో మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసులు నేనే అందించాను. మొదటి గ్లాసు తవిటమ్మత్తకిచ్చాను. ఆవిడ అందుకుని వెంటనే తాగలేదు. గ్లాసు చుట్టూ అరచెయ్యి ఆనించి, చల్లగా ఉందేమో చూసింది. పక్కనున్నాయన కూడా అలాగే చూశాడు. ఆ తరవాతావిడ వేలు ముంచి చూసింది. మెట్ల మీద చివరి మనిషి దాకా ఒక్కొక్కరూ ముందు చేత్తో చూసుకున్నారు, తరవాతే తాగారు.

నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి.